బిడ్డ నిలిచిన మెట్టు

సంధ్యాదీపము వెలిగించిన పిదప అనేక గృహములలో వినవచ్చు మాట యొకటి కలదు: "ఎన్నిమార్లు చెప్పినను నీ తలకెక్కదేమి?" ఈ మాట తల్లి యనును, తండ్రి యనును, ట్యూషను చెప్పవచ్చిన పొరుగింటి కుర్రవాడును అనును. పుస్తకము ముందు కూర్చున్న బిడ్డ మాత్రము బదులు పలుకక తలవంచుకొని యుండును. ఆ వేళ ఆ బిడ్డ నేర్చుకొనున దేమి? లెక్క నేర్చుకొనుట లేదు. తాను మొద్దునను సంగతి నొక్కదానిని నేర్చుకొనుచున్నది. ఆ పాఠము మాత్రము ఒక్కసారి చెప్పినను తలకెక్కును. పిదప ఎన్నియేండ్లకును దిగదు.

సోదరీమణులారా! బిడ్డను బట్టి బోధ యుండవలెనా, బోధను బట్టి బిడ్డ యుండవలెనా యను ప్రశ్న ఉపాధ్యాయుల సభలలో మాత్రమే చర్చింపదగిన దని మనలో పలువురు తలంతురు. అట్లు కాదు. ఆ ప్రశ్నకు బడి యిచ్చు సమాధానమును బట్టి మన యిండ్లలో ఒక్కొక్క పిల్ల చదువు నిలుచుచున్నది, లేక ముగియుచున్నది. విశేషించి ఆడుపిల్ల చదువు. కావున ఈ విషయమును మా కన్నులయెదుట జరిగిన యొక సంగతితో నారంభింతుము.

మా వీథిలో రవికలు కుట్టి జీవించు యిల్లాలు ఒకతె కలదు. ఆమె పెద్దకూతురు అప్పుడు మూడవ తరగతి ముగించినది. ఒకనాడు ఆ తల్లి మాయొద్దకు వచ్చి, "అమ్మగారూ, మా పిల్లకు చదువు రాదని బడిలో చెప్పినారు. వెనుక వరుసలోనే కూర్చుండబెట్టుచున్నారట. ఇక మానిపించి నా ప్రక్కన కాజాలు కుట్టుటకు కూర్చుండబెట్టుకొందును. చిన్నవాడు చురుకైనవాడు, వానినైనను చదివించుకొందుము" అని చెప్పెను. ఆ మాటలలో కోపము లేదు, దుఃఖమును లేదు. సంతలో కూర ధర చెప్పినట్లు చెప్పెను. తొమ్మిదేండ్ల పిల్ల భవితవ్యము అంత తేలికగా నిర్ణయమైపోవుచున్నదే యని మేము నిశ్చేష్టులమైతిమి. ఇంకొక యేడు చూడుమని మాత్రము బ్రతిమాలితిమి.

అదృష్టవశమున ఆ వేసవి సెలవుల పిదప ఆ బడికి బదిలీపై యొక పంతులమ్మ వచ్చెను. ఆమె మొదటివారము క్రొత్తపాఠ మేదియు మొదలుపెట్టలేదు. పిల్లలందరిచే కొన్ని చిన్న లెక్కలు చేయించి, నాలుగేసి వాక్యములు చదివించి, ఎవరెంతవరకు వచ్చియున్నారో ఒక పుస్తకమున వ్రాసికొనెను. మన పిల్ల 52 లోనుండి 27 తీసివేసి 35 అని వేసినది. తప్పు గుర్తు పెట్టి పలక తిరిగి యిచ్చుట సులభము. పంతులమ్మ అట్లు చేయక ఆ 35ను చూచి ఆలోచించెను. 2 లోనుండి 7 పోదు గనుక పిల్ల 7 లోనుండియే 2 తీసి 5 వేసినది. 5 లోనుండి 2 తీసి 3 వేసినది. అనగా తీసివేత ఈ పిల్లకు వచ్చును. ఒక పదిని విప్పినచో పది ఒకట్లగునను సంగతి మాత్రమే తెలియదు. విచారింపగా, రెండవ తరగతిలో ఆ పాఠము చెప్పిన దినములలో పిల్ల టైఫాయిడు జ్వరముతో నెలకు పైగా మంచము పట్టియుండినది. తిరిగి వచ్చునప్పటికి తరగతి ముందునకు పోయినది. పోయిన తరగతి మరల వెనుకకు రాలేదు.

మరునాడు పంతులమ్మ చీపురుపుల్లలను సమముగా త్రుంచి, పదేసి పుల్లలను దారముతో కట్టి తెచ్చెను. ఐదు కట్టలు, రెండు విడిపుల్లలు పిల్ల ముందుంచి, "తల్లీ, ఇందులోనుండి నాకు ఏడు విడిపుల్లలు ఇయ్యవలెను, ఎట్లిత్తువు?" అని యడిగెను. పిల్ల కొంతసేపు చూచినది. పిదప ఎవరును చెప్పకయే ఒక కట్ట దారము విప్పినది. మిగిలినవి ఎన్నియో తానే ఎంచి 45 అని చెప్పినది. మూడవ తరగతి యంతయు ముడిపడియుండినది ఆ యొక్క దారముననే.

ఇది చిన్న సంగతియే. కాని ఇందలి సూత్రము గొప్పది. పంతులమ్మ పిల్లను నాల్గవ తరగతికి లాగలేదు. పిల్ల యే మెట్టుపై నిలిచియున్నదో ఆ మెట్టునకు తాను దిగివచ్చి, అచ్చటనుండి చేయి పట్టుకొని యెక్కించినది. బిడ్డలు వెనుకబడుటకు బుద్ధిలేమియే కారణమని మనమందుము. తరచి చూచినచో మూడు కారణములు కానవచ్చును: బడి మాట బిడ్డకు తెలియకుండుట, బడి నడక బిడ్డ నడకకు సరిపడకుండుట, బడి యనిన బిడ్డకు భయముగా నుండుట. ఈ మూటిని వరుసగా విచారింతము.

మొదటిది మాట. ఈ సంగతిని మన దేశమున ముందుగా గుర్తించినవారిలో మన తెలుగువా రొకరు కలరు. గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు (1863-1940) పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా నుండిన కాలమున ఆ ప్రాంతపు కొండలలో నివసించు సవరల దుఃస్థితిని చూచిరి. వారి బిడ్డలకు తెలుగు రాదు. బడిలో సవరభాష లేదు. ఇక చదువెట్లు వచ్చును? సవరలకు తెలుగు నేర్పవలెనని పంతులుగారు తలపలేదు. ముందుగా తామే సవరభాష నేర్చుకొనిరి. ఆ భాషలో వాచకములను వ్రాసి, స్వంత ధనము వెచ్చించి సవరబాలురకు పాఠశాలలు పెట్టించిరి. వారు రచించిన సవరభాషా వ్యాకరణము 1931లో మదరాసు ప్రభుత్వముచే ముద్రింపబడినది. పంతులుగారు వాడుకభాషకై జీవితమంతయు పోరాడినవారు. వారిని గూర్చి మేము గ్రాంథికమున వ్రాయుట చూచినచో వారు నవ్వుదురేమో! అయినను వారి పాఠము మాత్రము శిరసావహింపదగినది. శిష్యుడు గురువు భాషకు వచ్చుటకు పూర్వము గురువు శిష్యుని భాషకు పోవలెను.

ఈ పని ఆయనతో ముగియలేదు. అవిభక్త ఆంధ్రప్రదేశమున 2004లో సవర, కోయ, గోండీ, కొలామి, కువి, కొండ, బంజారా, ఆదివాసీ ఒరియా అను ఎనిమిది భాషలలో మొదటి తరగతి బోధ నారంభించి, క్రమముగా తెలుగునకు తీసికొనిపోవు ప్రయత్నము జరిగినది. మన పట్టణపు బిడ్డల కీ బాధ లేదని తలపరాదు. ఇంట ఆనపకాయ యను బిడ్డను బడిలో సొరకాయ యనలేదని నవ్వినచో, ఆ బిడ్డ మరల నోరు తెరచునా? ఇంట ఒక్క ఆంగ్లపదమును వినని బిడ్డను ఆంగ్లమాధ్యమమున కూర్చుండబెట్టి, సమాధానము చెప్పలేదని మందమతి యనుట న్యాయమా? బిడ్డకు తెలియనిది విషయమా, లేక ఆ విషయమును చెప్పిన మాటయా యని ముందుగా విమర్శింపవలెను.

రెండవది నడక. ఒక తరగతిలో ముప్పదిమంది యుందురు. పాఠ్యపుస్తకము మాత్రము అందరికిని ఒక్క దినమున ఒక్క పుట తిప్పును. దీనికి మొట్టమొదట ఎదురుతిరిగినవారిలో ముఖ్యురాలు ఇటలీ దేశపు వైద్యురాలు మరియా మాంటిస్సోరి (1870-1952). ఆమె 1896లో రోమునగరమున వైద్యపట్టము పొంది, బుద్ధిమాంద్యము కలవారని త్రోసివేయబడిన బాలురకు బోధింపసాగెను. వారిలో కొందరు సాధారణ బాలురతోపాటు పరీక్షలో కృతార్థులైనప్పుడు లోకము ఆమెను ప్రశంసించెను. ఆమెకు మాత్రము వేరొక చింత కలిగెను: ఈ బాలురే ఇంత చేయగలిగినచో, ఆరోగ్యవంతులైన బాలురను ఇంత క్రిందనే ఆపివేయుచున్న దేమి? ఆ చింతతోనే 1907 జనవరి 6వ తేదీని రోములోని సాన్ లోరెంజో యను పేదల పేటలో ఆమె తన తొలి శిశుగృహమును తెరచెను.

ఆ శిశుగృహమున బోధోపకరణములు చూడదగినవి. కొయ్యదిమ్మెలో వరుసగా గుంటలుండును. ఒక్కొక్క గుంటకు సరిపడు నొక్కొక్క గుండ్రని కొయ్యబిళ్ల యుండును. బిడ్డ ఒక బిళ్లను తగని గుంటలో పెట్టినచో చివర నొక బిళ్ల పట్టక మిగిలిపోవును. తప్పు జరిగినదని చెప్పుట కెవరును అక్కరలేదు. కోప్పడుట కంతకంటె అక్కరలేదు. బిడ్డ తానే చూచుకొని, తానే దిద్దుకొనును. గరుకుకాగితముతో చేసిన అక్షరములపై వ్రేలు త్రిప్పి, కంటితోపాటు చేతితోను అక్షరమును నేర్చుకొనును. ఎవరి పని వారిది. ఎవరి వేగము వారిది. ఈమె 1939లో మదరాసు అడయారునకు వచ్చి, తొలి శిక్షణ తరగతిలోనే దాదాపు 300 మందికి తన పద్ధతిని నేర్పెను. ఇంతలో యుద్ధము రాగా 1946 వరకు మన దేశముననే నిలిచిపోయెను. నేడు మన పట్టణములలో వీథివీథిని ఆమె పేరు పెట్టుకొన్న బడులు కానవచ్చుచున్నవి. పేరు పలకపై నున్నంతమాత్రమున పద్ధతి లోపల నుండవలెనని నియమము లేదు. బిడ్డను చేర్చు తల్లి లోనికి పోయి చూడవలెను.

మాంటిస్సోరి ఉపకరణములు వెల గలవి. పల్లెటూరి యేకోపాధ్యాయ పాఠశాలకు దారి యేమని మీరడుగవచ్చును. దానికి సమాధానము మన మదనపల్లె సమీపముననే దొరకినది. జిడ్డు కృష్ణమూర్తిగారి ఆశయముల ననుసరించి స్థాపింపబడిన ఋషివ్యాలీ విద్యాసంస్థవారు చుట్టుపట్టుల పల్లెలలో చిన్న బడులు పెట్టి, 1980వ దశకమునుండి యొక పద్ధతిని పెంపొందించిరి. అచ్చట ఒక్క గదిలో ఒకటినుండి అయిదువరకు అన్ని తరగతుల పిల్లలును కలిసి కూర్చుందురు. పాఠ్యపుస్తకమునకు మారు చిన్న చిన్న కార్డు లుండును. ఒక్కొక్క కార్డుపై పక్షి యో జంతువో గుర్తుగా నుండును. ఏ కార్డు పిదప ఏ కార్డు చేయవలెనో చూపు నిచ్చెన పటము గోడపై వ్రేలాడుచుండును. బిడ్డ ఉదయమున వచ్చి, నిచ్చెనపై తన మెట్టును తానే చూచుకొని, తన కార్డును తానే తీసికొని కూర్చుండును.

కూర్చుండుటలో నొక విశేషము కలదు. క్రొత్త విషయము మొదలుపెట్టు పిల్లలు ఉపాధ్యాయుని చెంత కూర్చుందురు. కొంత తెలిసినవారు అప్పుడప్పుడు మాత్రము ఆయన సాయము పొందుదురు. మరికొందరు తోడిపిల్లల సాయముతో చేయుదురు. బాగుగా వచ్చినవారు తమంత తామే చేయుదురు. ఇట్లు ఒక్క ఉపాధ్యాయుడు అందరికిని ఒక్కసారి బోధింపక, ఎవరికి తన అవసరము ఎక్కువయో వారికడనే యుండగలుగును. కందికోతకో, అమ్మమ్మగారి యూరికో పోయి పదునైదు దినములు బడి మానిన పిల్ల తిరిగి వచ్చినచో ఆమె మెట్టు ఆమెకొరకు అక్కడనే వేచియుండును. జ్వరము పడి లేచిన మా వీథి పిల్లకు కావలసినది ఇదియే గదా! ఈ పద్ధతి 2003 ప్రాంతమున చెన్నై నగరపాలక పాఠశాలలకును, పిదప తమిళనాటి ప్రభుత్వ పాఠశాలలకును వ్యాపించినది.

ఇచ్చట నొక హెచ్చరిక చేయవలసియున్నది. మెట్టును గుర్తించుట వేరు, ముద్ర వేయుట వేరు. "వీరు తెలివిగలవారు, వీరు తెలివిలేనివారు" అని వరుసలు చీల్చి, వెనుక వరుసవారిని ఏడాదియంతయు అచ్చటనే వదలివేసినచో అది బిడ్డకు తగిన బోధ కాదు. బిడ్డకు వేసిన శిక్ష. గుంపులు దినదినము మారుచుండవలెను. లెక్కలలో వెనుకనున్న పిల్ల పాటలో ముందుండవచ్చును. మెట్టు వేరైనను ఎక్కవలసిన మేడ అందరికి నొక్కటియే. బిడ్డకు తగినట్లు బోధించుట యనగా తక్కువ బోధించుట యని యర్థము కాదు.

మూడవది భయము. మాట తెలిసి, నడక కుదిరినను, భయమున్నచోట చదువు నిలువదు. బెత్తమును గూర్చి మాత్రమే మేము చెప్పుట లేదు. పిల్లలకు నిర్బంధోచిత విద్యను హక్కుగా చేసిన 2009 నాటి చట్టము శారీరక దండనను, మానసిక హింసను కూడ నిషేధించినది. బిడ్డకు భయము, ఆందోళన లేకుండ బోధ సాగవలెననియు, ప్రతి బిడ్డ గ్రహణశక్తిని కనిపెట్టి తదనుగుణముగా అధికబోధ చేయుట ఉపాధ్యాయుని ధర్మమనియు ఆ చట్టముననే కలదు. అయినను బెత్తము పోయినచోట నవ్వు మిగిలియుండవచ్చును. తప్పు చెప్పిన పిల్లను చూచి తరగతియంతయు నవ్వుట, మార్కులను గట్టిగా చదువుట, "మీ యన్న ఎట్లు చదివినాడు, నీవెట్లున్నావు" అనుట: ఇవి ఒంటిపై వాత లేని దెబ్బలు.

మా పంతులమ్మ ఈ భయమును పోగొట్టిన విధము నొకనాడు మేము స్వయముగా చూచితిమి. ఆమె ప్రశ్న వేసి ఒక పిల్లను నిలువబెట్టదు. ప్రశ్న వేసి కొంతసేపు మౌనముగా నుండును. పిమ్మట ఇద్దరిద్దరు పిల్లలు తమలో తాము మెల్లగా మాటాడుకొందురు. పిమ్మట అందరును సమాధానమును పలకలపై వ్రాసి, ఆమె చప్పట్లు చరచినంతనే ఒక్కసారి పలకలెత్తి చూపుదురు. ఎవరు తప్పిరో ఆమెకు ఒక్క చూపున తెలియును, తోడివారికి తెలియదు. మంచి తప్పు ఒకటి కనబడినచో, పేరు చెప్పక నల్లబల్లపై వ్రాసి, "ఇట్లు వేసినవా రేమని తలచి వేసియుందురో చెప్పగలరా?" అని యడుగును. పిల్లలు ఆ తప్పును పొడుపుకథ విప్పినట్లు విప్పుదురు. ఆ తరగతిలో తప్పు సిగ్గుపడవలసిన వస్తువు కాదు. అందరును కలిసి చూడదగిన వస్తువు. మా వీథి పిల్ల ఆ సంవత్సరమున కార్తికమాసము నాటికి మొదటిసారి తానై చేయి యెత్తినదని పంతులమ్మ ఆమె తల్లితో చెప్పెను: "అక్కా, ఈ రోజు నీ కూతురు తప్పు చెప్పినది. కాని గట్టిగా చెప్పినది!" ఆ తల్లి కామాట యర్థము కాలేదు, మాకు మాత్రము కన్నులు చెమర్చినవి.

భయముతోపాటు కొన్ని శరీరకారణములను కూడ కనిపెట్టవలెను. నల్లబల్ల కనబడని పిల్లను చదువు రాని పిల్లయని భ్రమపడుట కలదు. పుస్తకమును ముక్కునకు చేర్చి చదువుట, కన్నులు చికిలించుట, పిలిచినను పలుకకుండుట కనబడినచో ముందుగా కంటివైద్యునికో చెవివైద్యునికో చూపవలెను. మాటలో చురుకుగా నుండి, కథలు చక్కగా చెప్పుచు, అక్షరముల యెదుట మాత్రము తడబడుచు, ప, వ, ష అక్షరములను ఎంతకాలమైనను తారుమారు చేయు బిడ్డలు కొందరుందురు. ఇది సోమరితనము కాకపోవచ్చును. ఇట్టి అభ్యసనవైకల్యమును 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము గుర్తించినది. అట్టి బిడ్డకు పరీక్షలో అధికకాలము మొదలగు సాయములు దొరకును. దాచిపెట్టుట వలన బిడ్డకు నష్టమే కాని గౌరవము లేదు.

"ఇదంతయు పంతులమ్మల పని, ఇంటనుండు మాకేమి చేతనగును?" అని మీరనవచ్చును. దీనికి ముంబయి, వడోదర నగరములలో జరిగిన యొక ప్రయత్నమే సమాధానము. 2001 మొదలు 2003 వరకు, ప్రథమ్ అను సంస్థవారు ఆ నగరములలోని మునిసిపలు పాఠశాలలలో మూడవ, నాల్గవ తరగతులలో వెనుకబడిన పిల్లలను పదునైదు ఇరువదిమంది చొప్పున వేరుచేసి, దినమునకు రెండుగంటలు, వారికి రాని తొలిపాఠములనే మరల నేర్పించిరి. నేర్పినవా రెవరు? పెద్ద పట్టభద్రులు కారు. ఆ పేటలలోనే నివసించు, హైస్కూలు చదువు చదివిన యువతులు. వారిని బాలసఖు లనిరి. వారికిచ్చిన శిక్షణ కొద్దివారములే. ఆర్థికశాస్త్రవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో మొదలగువారు ఈ తరగతులను ఇతర తరగతులతో పోల్చి పరీక్షించి, పిల్లలు స్పష్టముగా ముందునకు వచ్చిరనియు, అందును మిక్కిలి వెనుకబడినవారే ఎక్కువ లాభము పొందిరనియు నిరూపించిరి. దారిద్ర్యనివారణోపాయములను ఇట్లు పరీక్షించి చూచినందులకే వారికి 2019లో, మైకేల్ క్రెమర్‌గారితో కలిపి, నోబెలు బహుమానము లభించినది. ఇందు గ్రహింపవలసినది మన మొక్కటే. వెనుకబడిన బిడ్డకు కావలసినది మహావిద్వాంసుడు కాడు. తన మెట్టువరకు దిగివచ్చి, విసుగుకొనక రెండుగంటలు ప్రక్కన కూర్చుండు మనిషి.

అట్టి మనిషి మన యిండ్లలో లేకపోలేదు. కావున మా సోదరీమణులకు కొన్ని మాటలు మనవి చేయుదుము. బిడ్డ బడినుండి రాగానే "మార్కులెన్ని?" అని యడుగకుడు; "ఈ రోజు నీకు తెలియనిది ఏమి చెప్పినారు?" అని యడుగుడు. తెలియలేదని చెప్పుటకు మన యింట భయము లేదని బిడ్డకు రూఢియగును. తప్పు లెక్కను చూచినప్పుడు కొట్టివేయక, "ఎట్లు చేసితివో నాకు చెప్పు" మనుడు. మీకు చదువు లేకున్నను ఈ ప్రశ్న వేయవచ్చును. చెప్పుచుండగనే బిడ్డ తన తప్పును తానే పట్టుకొనుట తరచుగా జరుగును. వంటయింటిలోని శేరు, తవ్వ, గిద్దె పోయినను, లీటరు గిన్నెలును, తూకపు రాళ్లును, పప్పు డబ్బాలును కలవు. భిన్నములకు అంతకంటె మంచి బడి లేదు. అట్టునాలుగు ముక్కలు చేసి పెట్టుచు, మూడు తిన్నచో మిగిలినదెంత యని యడుగుట పాఠము కాదా? అన్నదమ్ములతో, పొరుగింటివారితో పోల్చుట మానుడు. నెల క్రింద ఈ బిడ్డ యెట్లుండెనో దానితో నేటి బిడ్డను పోల్చుడు.

బడికి పోయి ఉపాధ్యాయినిని కలిసినప్పుడు "మా పిల్ల ఎట్లు చదువుచున్నది?" అని మాత్రమే యడిగినచో "పరవాలేదు" అను బదులు వచ్చును. "మా పిల్లకు ఖచ్చితముగా ఏది వచ్చినది, ఏది రాలేదు, ఇంట మేమేమి చేయవలెను?" అని యడిగి చూడుడు. మంచి ఉపాధ్యాయిని సంతోషించును. ఇంటి సంగతులను కూడ ఆమెకు చెప్పుడు: జ్వరము వచ్చినది, ఊరు మారినాము, ఇంట చావు జరిగినది, తండ్రి వలస పోయినాడు. ఈ మాటలు తెలిసియుండినచో మా వీథి పిల్ల రెండేండ్లు వెనుక వరుసలో కూర్చుండవలసియుండెడిది కాదు. ఉపాధ్యాయులయందు కూడ మనకు కరుణ యుండవలెను. ముప్పదిమందికి ఒక ఉపాధ్యాయు డుండవలెనని చట్టము చెప్పినను, రెండు తరగతుల నొక్కచేతితో లాగువారును, పాఠము మాని పత్రములు నింపువారును నేటికిని కలరు. వారు చేయలేనిది కొంత మనము పంచుకొనుట ధర్మము.

ఇక మా వీథి పిల్ల సంగతి చెప్పి ముగింతుము. ఆమె ఆ సంవత్సరము తరగతిలో మొదటిది కాలేదు. మధ్యలో ఎచ్చటనో నిలిచినది. ఇప్పుడు ఆరవ తరగతి చదువుచున్నది. మొన్న సంక్రాంతికి మేము రవికగుడ్డ ఇచ్చుటకు వారింటికి పోయినప్పుడు వసారాలో అక్కాతమ్ములిద్దరును చతికిలబడి కూర్చుండియుండిరి. చురుకైనవాడని పేరుపొందిన ఆ చిన్నవాడు తీసివేతలో తడబడి, యేడుపుముఖము పెట్టియుండెను. పిల్ల వానిని గద్దింపలేదు. లేచిపోయి చీపురునుండి పుల్లలు పెరికి తెచ్చి, పది యెంచి దారము చుట్టుచుండెను. లోపలినుండి తల్లి, "కొత్తచీపురే, అంతయు పెరికివేయకుము!" అని కేకవేసి, మావైపు చూచి నవ్వెను. బడి మానిపించు మాట ఆ యింట మరల వినబడలేదు.